పెంటమ్మ పేరున పోసిన గుండు

కొండలకు ఇంకా హద్దురాళ్లు పాతని కాలం. తుపాకి మూతిలోంచి మందు కూరి, దానిమీద సీసపు గుండు దిగ్గొట్టే కాలం. అప్పటి మాట ఇది. ఊఁ కొట్టేవాళ్లు ఊఁ కొట్టండి, నిద్రొచ్చేవాళ్లు పడుకోండి.

ఆ కొండల్లో ఒక గూడెం. గూడెంలో ముగ్గురు వేటగాళ్లు: కొమ్మయ్య, జోగన్న, అడివయ్య. వాళ్లకు వరసకు వదిన పెంటమ్మ. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఒక పొయ్యి, ఒక మూకుడు. సీసం కరిగించి వేటగాళ్లకు గుండ్లు పోయడం ఆమె పని. గుండు ఆమె చేతిలోంచి రావచ్చు. మాంసం వాటా మాత్రం ఆమె చేతికి రాకూడదు. అదీ అక్కడి పద్ధతి.

ఇంకో పద్ధతీ ఉంది. జంతువు ఒంట్లో ఎవరి గుర్తున్న గుండు దొరికితే, తొడ వాళ్లది. అందుకని ఉన్న కాస్త సీసాన్నీ ముగ్గురూ పంచుకుని, చిన్న చిన్న గుండ్లు పోయించుకుని, తలా ఒక గుర్తు గీయించుకునేవాళ్లు. కుందేళ్లు పడ్డాయి, దుప్పులు పడ్డాయి. అందరూ మెచ్చుకున్నారు.

ఒక ఎండాకాలం ఊట దగ్గరికి ఒంటి అడవిదున్న దిగింది. కొండంత దున్న.

ముగ్గురూ దూరం నుంచి కాల్చారు. దున్న పడలేదు. దానికి నొప్పి పుట్టింది, కోపం పుట్టింది.

మళ్లీ గుండ్లు పోయించుకున్నారు, మళ్లీ కాల్చారు. దున్న పడలేదు. నొప్పి పెరిగింది, కోపం పెరిగింది.

ఇక ఊటదారిలో ఎవరు కనబడినా కుమ్మడానికి వచ్చేది. ఆ దారిన నడిచేది ఆడవాళ్లు. పేల్చింది ఎవరో, కడవ మోస్తున్నది ఎవరో దున్నకేం తెలుసు? ఒకామెకు తుంటి విరిగింది. నీళ్లు ఆగిపోయాయి.

పెంటమ్మ ఇంట్లో కూతురు సుక్కమ్మ పచ్చి బాలింత. "అమ్మా, నాలుక పిడచకట్టిపోతోంది. పాలు కూడా పడటం లేదే," అంది. పెంటమ్మ కడవ వంచింది. అడుగున బురద.

అప్పుడు మూడోసారి వచ్చారు వేటగాళ్లు.

"వదినా, పొయ్యి వెలిగించు."

"కుందేలుకా మరిదీ, దున్నకా?"

"దున్నకే."

"అయితే ముగ్గురి సీసమూ ఇటు పడేయండి. అంతా కలిపి ఒకే గుండు పోస్తాను. పెద్దమూతి తుపాకి మూల పడి ఉందిగా."

ముగ్గురూ సీసం మూటలు విప్పలేదు. బరువు గుండు ఎముక విరుచుకుని లోపలికి పోతుందని వాళ్లకు తెలియక కాదు.

"దానిమీద ఎవరి గుర్తు గీస్తావు?" అన్నాడు జోగన్న.

"పెద్దవాణ్ణి నేను," అన్నాడు కొమ్మయ్య.

"తుపాకి మా నాన్నది," అన్నాడు అడివయ్య.

పెంటమ్మకు ఒళ్లు మండింది. "ఇంకా పడని దున్న తొడ కోసం కొట్టుకుంటున్నారా నాయనా? అక్కడ బాలింతకు గుక్కెడు నీళ్లు లేవు. నా పేరున పోస్తాను. నాకెలాగూ వాటా లేదు కదా, మీలో ఎవరికీ నష్టం లేదు."

"ఆడదాని పేరున గుండా?" అని నవ్వాడు అడివయ్య.

"సరే, కడవ అదుగో. నువ్వెళ్లి నీళ్లు తెచ్చిపెట్టు."

అడివయ్య నవ్వు ఆగింది. సీసం మూకుట్లో పడింది.

ఉసిరికాయంత గుండు తయారైంది. కొమ్మయ్య దాన్ని అరచేతిలో ఆడించి చూశాడు. "వదినా, ఇది దూరం పోదు. దున్న బాగా దగ్గరికి రావాలి."

"రప్పిస్తాను," అని పెంటమ్మ కడవ చంకన పెట్టుకుంది.

కొమ్మయ్య ఊట పక్కన బండల చాటున కూర్చున్నాడు. పెంటమ్మ ఒక్కతే దారిన నడిచింది. పొద కదిలింది. దున్న బయటికొచ్చింది. దాని మూపు చీము పట్టి ఉంది, ఈగలు ముసురుతున్నాయి. ఆ పుళ్లు చేసిన గుండ్లు తన పొయ్యిమీద కరిగినవే. "ఎంత బాధ పెట్టాంరా నిన్ను," అంది మెల్లగా.

దున్న తల వంచి కదిలింది. ఆమె పరుగెత్తలేదు. దున్న బండల ముందుకు వచ్చేదాకా కొమ్మయ్య ఆగాడు. పక్క కనబడగానే పేల్చాడు.

తుపాకి వెనక్కి తన్నిన తన్నుకు అతను వెల్లకిలా పడ్డాడు. దున్న మోకాళ్లమీద కూలి, ఒరిగిపోయింది. మళ్లీ లేవలేదు.

పెంటమ్మ ముందు దున్న నోట్లో దోసెడు నీళ్లు పోసింది. తర్వాత కడవ నింపుకుని ఇంటికి పోయింది.

కోసి చూస్తే చిన్న గుండ్లన్నీ తోలు కిందే చీములో ఉన్నాయి. పెద్ద గుండు గుండెలో ఉంది. కొమ్మయ్య తొడ భుజాన వేసుకుని ఆమె గుమ్మం ముందు దించాడు.

"వదినా, నీ వాటా. ఇన్నాళ్లూ పెట్టనిది కూడా ఇందులోనే అనుకో."

"నాకొక్కదానికి ఇంతెందుకురా? ఈ ఊరికి నీళ్లు మోసిన ప్రతి చేతికీ పెట్టు," అంది పెంటమ్మ.

ఆమె ఇంకా చాలా ఏళ్లు బతికి, మనవరాలి పెళ్లి చూసి, అందరిలాగే పోయింది.

ఇప్పుడక్కడ వేట లేదు, తుపాకి లేదు. తేనె పంచినా, చింతపండు పంచినా, మేకను కోసినా, మొదటి కుప్ప పెట్టేముందు ఎవరో ఒకామె అడుగుతుంది: "నీళ్లు మోసినవాళ్లకు తీశారా?" మగవాళ్లు చేతులు ఆపి, అది తీసి పక్కన పెట్టాకే మిగతాది పంచుతారు. దాన్ని పెంటమ్మ వాటా అంటారు. ఆమెకు గుడి లేదు, బొమ్మ లేదు. ఆడవాళ్లు ఆ వాటా ఒడిలో పోసుకుని, "నీ కడుపు చల్లగా, తల్లీ," అనుకుని, కూర్చుని కడుపునిండా తింటారు.