స్తంభం కింద పూజ

కొండవరం దొర ధాన్యం దాచే నేలమాళిగ మీద వసారా వేయిస్తున్నాడు. స్తంభాలను మాళిగ గోడ మీదే నిలపాలని వడ్రంగి మొత్తుకున్నా, "మాళిగ కప్పు నడుమ ఉంటేనే దర్జా! కప్పు చెక్కలు మోస్తాయిలే" అన్నాడు దొర.

రోజూ ఆ మాళిగలోకి దిగి ధాన్యం తెచ్చే పనిమనిషి సూరమ్మకు, కప్పు కూలితే తన నెత్తినే పడుతుందని తెలుసు. పైకి మాత్రం, "స్తంభం ఎత్తేటప్పుడు దాని కింది నేలకు యజమాని పూజ చెయ్యాలి కదా దొరా! ఆ నేల మాళిగలో ఉంది" అంది.

ఆనవాయితీని కాదనలేక దొర హారతి పళ్లెంతో దిగాడు. పైన స్తంభం ఆనించగానే చెక్కలు కిర్రుమన్నాయి. పళ్లెంలో మట్టి రాలింది.

"ఆపండ్రా! గోడ మీదికి జరపండి!" అని కేకపెట్టాడు.

పైకొచ్చి తలపాగా దులుపుకుంటూ, "గోడ మీదైతేనే అందం" అన్నాడు.

"చిత్తం దొరా! కింద నిలబడి చూస్తే నాకూ అలాగే అనిపించింది" అంది సూరమ్మ.