వెనక సీటు బరువు

సైదా మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి చేతిలో పానా పెట్టి బండి కిందకు పంపుతాడు. నరసరావుపేట చివర, పత్తి మిల్లు గోడ పక్కన ఆయన రేకుల షెడ్డు. పాత కార్ల కింద కుదుపును మోసే కమాను పట్టీలు, అంటే స్ప్రింగులు, మార్చడం నలభై ఏళ్లుగా ఆయన పని. మా ఇల్లు ఆ షెడ్డుకు ఎదురే కాబట్టి, అరుగు మీద కూర్చుని నేను చూసిందీ విన్నదీ, తర్వాత వాళ్ల నోట తెలిసిందీ ఇక్కడ రాస్తున్నాను.

పానకాలరావు గారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. అరవై రెండో ఏట మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటానని వచ్చారు. కారణం ఆయన భార్య శేషారత్నమ్మ. ఆమె వెన్నుపూసల్లోకి జబ్బు దిగింది. మూడు వారాలకోసారి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాళ్లది పాత అంబాసిడర్. దారి గుంటల దారి. ప్రతి గుంటా ఆమె వెన్నులోనే పడేది. ఆ కుదుపు తీసేస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదని మాస్టారు పట్టుబట్టారు. వేరేవాళ్ల చేత చేయించనని, తన చేత్తోనే చేస్తానని మూడు నెలలు బండి కింద పడుకున్నారు. ఒళ్లంతా గ్రీజు. "బోర్డు మీద సుద్దముక్కే నయం మాస్టారూ" అని మేస్త్రి నవ్వేవాడు.

చివరకు అన్నీ కొత్తవి వేశారు. వెనక వైపు మామూలు కమానుకు మరో మందపాటి పట్టీ కూడా చేర్చారు. ఎంత బలమైన కమాను వేస్తే కుదుపును అంత ఆపుతుందని ఆయన లెక్క. మేస్త్రి ఒకసారి వద్దని తల ఊపాడు గానీ ఆయన చూడలేదు.

కొత్త కమాన్లు వేశాక ఆ బండిలో మొదటిసారి గుంటూరు వెళ్లి వచ్చిన మర్నాడు షెడ్డుకొచ్చి నిలబడ్డారు. చేతిలో భార్య చీర ఉంది. కొంగు అంచు పంటి గాట్లతో చిరిగిపోయి ఉంది.

"దారంతా ఒక్క మాట మాట్లాడలేదు మేస్త్రీ. సుఖంగా ఉందేమో అనుకుని నడుపుకుంటూ పోయాను. ఇంటికొచ్చాక ఇది చూశాను. అన్నీ కొత్తవే వేశాను, గట్టివే వేశాను. మరి నొప్పి ఎందుకు పెరిగింది?"

మేస్త్రి ఆ కొంగు వైపు చూసి, చీర మడతపెట్టి ఆయనకే ఇచ్చేశాడు. "మళ్లీ ఎప్పుడు వెళ్లాలో అప్పుడు పొద్దున్నే చెల్లెమ్మను ఇక్కడికి తీసుకురండి" అన్నాడు. అంతే.

మూడు వారాల తర్వాత, ఆ రోజు పొద్దున ఏడింటికి వచ్చారు. పదింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. మేస్త్రి ముందు ఆమెను దింపి మంచం మీద పడుకోబెట్టించాడు. బండి కింద దూరి కమాను బోల్టులు వదులు చేశాడు. అవన్నీ మాస్టారు బండిని జాకీ మీద లేపి ఉంచి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించినవి. కొత్తగా నేర్చినవాళ్లందరూ చేసే తప్పే అది. బరువు మోయని స్థితిలో బిగిస్తే, నేల మీదకు దిగాక బోల్టు చుట్టూ ఉండే రబ్బరు మెలి తిరిగి, కమాను ఇంకా బిగుసుకుంటుందట.

"బరువు ఎక్కించాకే బిగించాలి. ఖాళీ బండికి ఒక గుర్తు పెట్టండి" అని మేస్త్రి ఒక కర్ర ఇచ్చాడు. వెనక చక్రానికీ దాని పై రేకుకూ మధ్య ఎంత సందుందో కొలిచి మాస్టారు కర్ర మీద సుద్దతో గీత గీశారు. తర్వాత ఇద్దరూ కలిసి శేషారత్నమ్మను వెనక సీట్లో పడుకోబెట్టారు.

"ఇప్పుడు కొలవండి."

మాస్టారు కొలిచారు. సందు ఆ గీత దగ్గరే ఉంది. అటు వైపు వెళ్లి కొలిచారు. అక్కడా అంతే. కర్ర వంకరేమో అని తిప్పి చూశారు. కమాను పట్టేసిందేమో అని బండి వెనక రెండు చేతులూ వేసి నొక్కారు. వేలెడు దిగి, చేతులు తీయగానే లేచింది. కమాను బాగానే ఉంది.

లోపలి నుంచి ఆమె అంది, "ఏవండీ, నేనెక్కిన సంగతి మీ బండికి తెలియలేదా?"

ఆయన కిటికీలోంచి చూశారు. ఆమె చేతి గాజులు జారిపోకుండా, లోపలి వైపు దారం చుట్టి ఉంది. ఒకటి రెండు వరసలు కాదు, చాలా వరసలు. ఎప్పుడు చుట్టుకుందో మరి. మూడు నెలలుగా రోజూ ఆ బండి కింద ఉన్న మనిషి, అప్పుడే మొదటిసారి ఆ దారాన్ని చూసినట్టున్నారు. అరుగు మీద నుంచి ఆ దారం నాకు కనిపించలేదు, తర్వాత విన్నదే గానీ, ఆయన భుజాలు దిగిపోవడం మాత్రం నాకు కనిపించింది. ఇనుముకు అబద్ధం ఆడటం రాదు కదా అనిపించింది.

"ఆ పట్టీ తీసేస్తాను" అని పానా అందుకున్నారు.

"తీయడానికి మధ్యాహ్నం దాటుతుంది. రేపు తీద్దాం." మేస్త్రి పానా తీసుకుని, మాస్టారు చొక్కా జేబులోంచి తాళాలు కూడా తీసుకున్నాడు. "మీరు వెనక కూర్చోండి. చెల్లెమ్మ తల ఒళ్లో పెట్టుకోండి."

"ఎందుకు?"

"గట్టి కమాను మెత్తబడాలంటే మీద బరువు ఉండాలి."

మాస్టారు ఎక్కి కూర్చున్నారు. మేస్త్రి కర్ర పెట్టి చూశాడు. బండి వేలెడు దిగింది. అప్పుడు కిందకు దూరి, ఆ ఇద్దరి బరువు మీద బోల్టులు ఒక్కొక్కటే బిగించి వచ్చి, చేతులు తుడుచుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఆమె కళ్లు మూసుకుంది. ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, ముందుకు చూస్తూనే, మాస్టారు చాలా మెల్లగా అడిగారు. "ఈ పట్టీలు ఎన్నాళ్లొస్తాయి మేస్త్రీ?"

"అవి ఉంటాయి మాస్టారూ" అన్నాడు సైదా మేస్త్రి. "మీరు చెల్లెమ్మను చూడండి, రోడ్డు నేను చూస్తాలెండి."