గాటుపడ్డ దుంప

కొండొడ్డుకీ రేగడొడ్డుకీ మధ్య ఒక వాగు ఉంది. కొండొడ్డున నీడకు లోటు లేదు, రాతి గుహలున్నాయి, పిల్లల్ని పెంచుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. కానీ మూతి పెట్టి తవ్వితే రాయి తప్ప ఏమీ తగలదు. రేగడొడ్డున నేల మెత్తన, పని బోలెడు. కానీ తల దాచుకోవడానికి అక్కడ ఒక పొద కూడా లేదు. అందుకని కోరయ్య అనే అడవిపంది కొండొడ్డున కాపురం పెట్టి రేగడొడ్డున పనికి పోయేవాడు. పొద్దున్నే వాగు దాటి, కుందేళ్ల చేలు మూతితో దున్నిపెట్టి, కూలి కింద ఇచ్చిన పెండలం దుంపలను తీగతో సహా మెడలో వేసుకుని సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. పనిలో అతనికి వంక పెట్టడానికి లేదు. లెక్కల దగ్గరే కాస్త మందం.

అతని గోడల్లా ఒకటే. రేగడొడ్డు రేవులో ఆ ఒడ్డుకు పెద్ద అయిన ఎలుగుబంటి కూర్చుని, కూలిలో ఆరో వంతు తీసేసుకునేవాడు. ఇక్కడ సంపాదించావు కనక ఇక్కడ ఇవ్వాలనేవాడు. వాగు దాటి ఇవతలికొస్తే కొండొడ్డు పెద్ద, ముసలి అడవిదున్న, తనూ ఆరో వంతు అడిగేవాడు. ఇక్కడ కాపురముంటున్నావు కనక ఇక్కడ ఇవ్వాలనేవాడు. ఎలుగు తీసుకున్న వంతుతో చేలకు కాలువలు తవ్వించేవారు. దున్న తీసుకున్న వంతుతో చెట్ల మీద కాపలా కాసే కొండముచ్చులకు తిండి పెట్టేవారు. చిరుత వస్తే ముందుగా కేకేసేది ఆ కొండముచ్చులే. ఇవ్వడం కోరయ్యకు కష్టం కాదు, రెండుసార్లు ఇవ్వడమే కష్టం. ఎండలు ముదిరి రేగడి నెర్రెలు విచ్చిందంటే ఇక పని ఉండదు. అప్పటికి గుహలో దుంపలు పోగుపడకపోతే పిల్లలు పస్తే. పోగు చూస్తే మోకాలెత్తు కూడా లేదు. దాన్ని చూసినప్పుడల్లా కోరయ్యకు ఏడుపొచ్చేది.

దానికి తోడు ఎలుగు చేసే ఒక పని అతనికి బొత్తిగా నచ్చేది కాదు. తన వంతు తీసుకున్నాక, మిగిలిన దుంపల్లో ఒకదాని మీద గోటితో లోతుగా గాటు పెట్టి పంపేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. అసలు నోరు విప్పడమంటేనే ఆయనకు బద్ధకం. తీసుకున్నది చాలక ఉన్నవాటిని కూడా పాడుచేస్తాడేమిటని కోరయ్య గొణుక్కునేవాడు. గాటుపడ్డ దుంప తెల్లారేసరికి కుళ్లుతుంది, పక్కవాటిని కూడా కుళ్లబెడుతుంది. ఇల్లు నడిపే ఏ పందికైనా ఆ మాత్రం తెలుసు. అందుకని దాన్ని వాగులో కడుక్కుని అక్కడికక్కడే తినేసి, మిగతావి ఇంటికి తీసుకెళ్లేవాడు.

ఒకరోజు అలా నములుతుండగా నక్క జంబులయ్య చూశాడు. జంబులయ్యదీ కొండొడ్డే, దున్న ఉండే గుట్ట వెనకే అతని బొరియ.

"ఏం బావా, గాటుపడ్డదే ఏరుకుని తింటున్నావు?"

"ఉంచితే కుళ్లిపోదూ?"

జంబులయ్య ఏదో అనబోయి ఆగాడు. అతని కళ్లు మాత్రం మెరిశాయి.

"మంచి అలవాటు బావా. మానకు," అన్నాడు.

ఆ తర్వాత పక్కనే చతికిలబడి కష్టసుఖాలు అడిగాడు. కోరయ్య ఉన్నదంతా వెళ్లబోసుకున్నాడు. జంబులయ్య నొచ్చుకున్నాడు, తల పట్టుకున్నాడు, ఇంత కష్టపడేవాడికి ఇంత అన్యాయమా అని కళ్లు కూడా ఒత్తుకున్నాడు. చివరికి వాగు మధ్యలో రెల్లు పెరిగిన లంకను తోకతో చూపించాడు.

"కాపురం అక్కడికి మార్చెయ్. అది కొండొడ్డూ కాదు, రేగడొడ్డూ కాదు. అక్కడ పెద్ద లేడు, అడిగేవాడు లేడు. దున్నకు ఇచ్చేదాంట్లో సగం నాకియ్యి, సగం నీకు మిగులుతుంది. చోటు చూపించినందుకు ఆ మాత్రం ఇవ్వలేవా?"

దుంపలు జంబులయ్యకు పెద్దగా పడవు. కానీ ఊరికే వచ్చేది ఏదైనా అతనికి రుచే.

కోరయ్య భార్య గుమ్మడమ్మ ఒప్పుకోలేదు. ఇసకలో పిల్లల్ని ఎలా పడుకోబెట్టాలని అడిగింది. కాపలా ఎవరని అడిగింది. చుట్టూ నీళ్లున్నాయి కదా, చిరుతకు కాళ్లు తడుపుకోవడం ఇష్టముండదని జంబులయ్య చెప్పాడని కోరయ్య అన్నాడు. జంబులయ్య చెప్పాడనేసరికి గుమ్మడమ్మకు ఇంకా అనుమానమొచ్చింది. అయినా మొగుడి ముఖంలో చాన్నాళ్లకు వెలుగు కనిపించింది, కాదనలేకపోయింది. కాపురం లంకకు మారింది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. దుంపల పోగు పెరిగింది. కోరయ్య రోజూ సాయంత్రం దాన్ని మూతితో తట్టి చూసుకుని మురిసిపోయేవాడు. జంబులయ్య వేళ తప్పకుండా వచ్చి తన సగం పట్టుకుపోయేవాడు. ఈలోగా ఎండలు ముదిరాయి. వాగు పిల్లల మోకాళ్ల లోతుకు దిగిపోయింది. ఆ సంగతి కోరయ్య కంటే ముందు చిరుత గమనించింది.

సాయంత్రం పిల్లలు నీళ్లలో ఆడుకుంటుంటే రెల్లు కదిలింది. కొండముచ్చులు చెట్ల మీదే ఉన్నారు, కానీ వాళ్ల చూపంతా కొండవైపే, లంక వాళ్ల వీపు వెనక ఉంది. కేక లేదు, హెచ్చరిక లేదు. చిరుత దూకింది. గుమ్మడమ్మ చూసుకుని అడ్డం పడి తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. అది పక్కకు పడేలోగా కోరయ్య పిల్లలందర్నీ కొండొడ్డుకు తరిమేశాడు. ఆఖరిదాని తోక కొస మాత్రం చిరుత నోట్లో ఉండిపోయింది. ఒడ్డెక్కాక కోరయ్య పిల్లల్ని ఒక్కొక్కర్నే మూతితో తడిమి చూసుకున్నాడు. తన కక్కుర్తికి పిల్లలు పోయేవాళ్లే కదా అని సిగ్గుతో కుమిలిపోయాడు.

అల్లరికి అడవంతా పోగయింది. దున్న వచ్చాడు. అందరికంటే ముందు నిలబడి అయ్యో పాపమని నిట్టూర్చింది జంబులయ్య.

"ఉన్న చోటు వదిలి ఎందుకు పోయావురా?" అని దున్న అడిగాడు.

"ఏం చెయ్యను పెద్దయ్యా, ఒక్క కూలికి రెండు ఒడ్ల దగ్గరా ఇచ్చుకోవాల్సి వచ్చె."

"రెండుసార్లు నిన్నెవరిమ్మన్నారు? అక్కడ ఇచ్చేస్తే ఎలుగు దుంప మీద గాటు పెట్టి పంపుతాడు. అది చూపిస్తే ఇక్కడి వంతులోంచి ఆ మేరకు తీసేస్తాం. రెండు ఒడ్లూ ఎప్పుడో అనుకున్న మాట అది. నువ్వు ఒక్కనాడూ గాటు చూపించలేదు. ఎలుగుకి ఎగ్గొట్టి వస్తున్నావనుకున్నాను."

"తినేశాను," అన్నాడు కోరయ్య.

చెట్ల మీద కొండముచ్చులు కొమ్మలు పట్టుకుని మరీ నవ్వారు. దున్నకు కూడా నవ్వాగలేదు. తిన్నదాన్ని లెక్కలోకి తేలేనని, రేపటి నుంచి గాటు చూపించమని, కాపురం వెనక్కి తెచ్చుకోమని చెప్పాడు. గుమ్మడమ్మ మాత్రం నవ్వలేదు. గాటుపడ్డది తినడం మానొద్దన్నారని నాతో అన్నావే, ఆ మాట చెప్పిందెవరో గుర్తుందా అని మొగుణ్ణి అడిగింది. జంబులయ్య అప్పటికే మెల్లగా వెనక్కి జరుగుతున్నాడు.

కోరయ్య బుర్ర నెమ్మదిగా తిరుగుతుంది, కానీ ఒకసారి కదిలిందంటే మధ్యలో ఆగదు.

"పెద్దయ్యా, చిన్న సందేహం. లంకలో సంపాదించి కొండొడ్డున పడుకునేవాడు వంతు ఎక్కడివ్వాలి?"

"పడుకునే చోట ఇవ్వాల్సిందే. సంపాదించిన చోట ఇచ్చి ఉంటే గాటు చూపించాలి."

ఇన్నాళ్లూ లంకలో తన దగ్గర సగం పట్టుకుపోయిందెవరో కోరయ్య చెప్పాడు. అందరూ జంబులయ్య వైపు తిరిగారు. బొరియ తవ్వి చూస్తే దుంపలు బయటపడ్డాయి, ఒక్కదాని మీదా గాటు లేదు.

"లంకలోనే ఇచ్చేశాను పెద్దయ్యా," అన్నాడు జంబులయ్య.

"ఎవరికిచ్చావు బావా?" అని కోరయ్య నెమ్మదిగా అడిగాడు. "అక్కడ అడిగేవాడు లేడని నువ్వే చెప్పావు. అడిగేవాడు లేని చోట గాటు పెట్టేవాడు మాత్రం ఎక్కడుంటాడు?"

కోరయ్య దగ్గర గుంజినదంతా జంబులయ్య వెనక్కివ్వాల్సి వచ్చింది. దాచిపెట్టినందుకు కొండొడ్డు వంతు రెండింతలు వేశారు. చేతిలో ఏమీ మిగల్లేదు గనక, వానలు పడేదాకా లంకవైపు తిరిగి కూర్చుని కొండముచ్చులతో పాటు కాపలా కాయమన్నారు. చిరుత ఎప్పుడు దగ్గినా ముందు వణికేది ఇప్పుడు జంబులయ్యే.

మర్నాటి నుంచి కోరయ్య గాటుపడ్డ దుంపను కోరకు గుచ్చుకుని, అందరికీ కనపడేలా తల ఎత్తుకుని వాగు దాటుతున్నాడు. దున్న దగ్గరకు చేరేదాకా దాని వాసన ముక్కుకు తగులుతూనే ఉంటుంది, నోరూరుతూనే ఉంటుంది. అయినా కొరకడం లేదు.

నీతి: ఒక ఒడ్డున ఇచ్చినదానికి ఆనవాలు రెండో ఒడ్డు దాకా జాగ్రత్తగా మోసుకెళ్లు, ఏ ఒడ్డునా ఇవ్వక్కర్లేదని చెప్పేవాడు ఎదురైతే, నువ్వెక్కడ పడుకుంటావని ముందు వాణ్ణి అడుగు.