మూడేళ్ళ పాఠం

సుమేధకు ఆ రోజు అన్నం సహించలేదు.

వానల నెలలు ముగిశాయి. కృష్ణ ఒడ్డున కొండమీది బౌద్ధ ఆరామానికి కింది ఊళ్ళ జనం వచ్చారు. ఏటా ఆ రోజున వాళ్ళు ఒక కొత్త వస్త్రం నేసి తెస్తారు. ఆ ఏడు బాగా పాటుపడిన ఒకరికి పెద్ద గురువు భద్రసేన స్థవిరుడు దాన్ని తన చేతులతో ఇస్తాడు. ఈసారి అది సుమేధకేనని తోటి భిక్షుణులంతా అనుకున్నారు. సుమేధా అనుకుంది. ఆమె దగ్గర చదువుకునే పద్దెనిమిది మంది పిల్లలు వారం కిందటే సభలో నిలబడి, అక్షరం తడబడకుండా గాథలన్నీ అప్పజెప్పారు.

గురువు ఆ వస్త్రాన్ని రేవతమ్మకు ఇచ్చాడు.

రేవతమ్మ డెబ్బైకి దగ్గరపడిన భిక్షుణి. చదువు అంతంతమాత్రం. ధాన్యపు కొట్టు వెనక చిన్న గదిలో, మిగతా పిల్లలతో కలిపి కూర్చోబెట్టలేని పిల్లల్ని చూసుకునేది. వెనకటి పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు. ఒకడు మేకలు కాస్తున్నాడు, ఒకమ్మాయి చాపలు అల్లుతోంది. ఇప్పుడు ఆ గదిలో ఉన్నది నాగి ఒక్కతే.

నాగికి పదకొండేళ్ళు. మాట రాదు. ఎవరి ముఖంలోకీ చూడదు. రోజంతా ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చుంటుంది. కింది ఊళ్ళో వలలు అల్లే తల్లి పొద్దున్నే తెచ్చి దింపి, సాయంత్రం వచ్చి తీసుకుపోతుంది.

జనం వెళ్ళిపోయాక సుమేధ గురువు దగ్గరికి వెళ్ళింది.

"భంతే, ఒక మాట అడగవచ్చా?"

"అడుగు."

"రేవతమ్మ మూడేళ్ళుగా ఒక్క పిల్లతోనే ఉంది. ఆ పిల్లకు ఏం వచ్చింది?"

"రేవతికి రాత్రి నుంచీ జ్వరం," అన్నాడు గురువు. "ఆమె లేచేదాకా ఆ గదిలో నువ్వు కూర్చో. వెళ్ళేముందు ఒకసారి ఆమెను కలువు."

సుమేధ కలవలేదు. జ్వరంతో పడుకున్న మనిషిని లేపడం ఎందుకులే అనుకుంది. అడిగి తెలుసుకోవలసినంత ఏముంది అని కూడా అనుకుంది.

మర్నాడు చిన్న గదికి వెళ్ళేసరికి నాగి గోడ పక్కన ఊగుతూ ఉంది. ఊరివాళ్ళిచ్చిన ఆ కొత్త వస్త్రం మడతపెట్టి ఆ పిల్ల కిందే పరిచి ఉంది. రాతినేల చల్లగా ఉంటుందని రేవతమ్మ వేసినట్టుంది. సుమేధకు ఎక్కడో కలుక్కుమంది. నేలమీద ఇసుక పోసి చదును చేసింది. ఒక అక్షరం రాసి, నాగి వేలు పట్టుకుని దాని మీద దిద్దించబోయింది. పిల్ల వేలు లాక్కుంది. సుమేధ మళ్ళీ పట్టుకుంది, పిల్ల మళ్ళీ లాక్కుంది. రెండు రోజులు అలాగే గడిచాయి.

మూడో రోజు నాగి తనంతట తానే దగ్గరికి జరిగింది. సుమేధ చేతిని పట్టుకుని తన ఎడమ చెవి దగ్గరికి లాక్కుంది.

"ఇటు చూడు, అక్షరం చూడు," అని సుమేధ చెయ్యి వెనక్కు తీసుకుంది.

నాగి మళ్ళీ లాగింది. సుమేధ మళ్ళీ తీసుకుంది. నాలుగోసారి సుమేధకు విసుగొచ్చింది. "కుదురుగా కూర్చో," అంటూ పిల్ల చేతిమీద ఒక దెబ్బ వేసింది. పెద్ద దెబ్బేం కాదు.

మర్నాడు ఉదయం నాగి ఇంకొక్కసారి చెయ్యి చాచింది. సుమేధ తన రెండు చేతులూ పైబట్టలోకి ముడుచుకుంది. ఆ తర్వాత పిల్ల చెయ్యి చాచలేదు. ఊగడం కూడా మానేసి ఇసుకవైపు చూస్తూ కదలకుండా కూర్చుంది.

దారికొచ్చింది అనుకుంది సుమేధ. ఆ మాట చెప్పడానికే ఆ మధ్యాహ్నం మొదటిసారి రేవతమ్మ దగ్గరికి వెళ్ళింది. జ్వరంతో కళ్ళు గుంటలు పడి ఉన్నాయి ముసలామెకు.

"నాలుగు రోజులకే కుదురుగా కూర్చుంటోందమ్మా. మొదట్లో ఊరికే నా చెయ్యి పట్టుకుని లాగేది. ఆ అలవాటు మాన్పించాను."

రేవతమ్మ మోచేతిమీద లేచింది. "ఎక్కడికి లాగింది?"

"ఎక్కడికంటే... చెవి దగ్గరికి. ఎడమ చెవి."

రేవతమ్మ మంచం పట్టె పట్టుకుని లేచి, గోడ ఊతగా నడుచుకుంటూ చిన్న గదికి పోయింది. వెనకే సుమేధ. నాగి నేలమీద పక్కకు ఒరిగి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. జుట్టు తప్పించి చూస్తే చెవి వెనక అంతా వాచి, ఎర్రగా నిగనిగలాడుతోంది.

వైద్యుడు వచ్చి కోసి చీము తీశాడు. తొమ్మిది రోజులకు పిల్ల గండం గడిచింది. ఆ చెవికి వినికిడి మాత్రం పోయింది.

ఆ తొమ్మిది రోజుల్లో ఎప్పుడో రేవతమ్మ చెప్పింది, నాగి పక్కనే కూర్చుని, గొంతు పెంచకుండా.

"వచ్చిన కొత్తలో నొప్పి ఎక్కడున్నా సరే, తల తీసుకెళ్ళి గోడకేసి కొట్టుకునేది తల్లీ. కడుపునొప్పయినా అంతే, కాల్లో ముల్లు దిగినా అంతే. నొప్పెక్కడో మనకు తెలిసేది కాదు. పడ్డప్పుడల్లా, గీసుకున్నప్పుడల్లా నా చెయ్యి అక్కడ పెడుతూ వచ్చాను. మన చెయ్యి తీసుకుని నొప్పి ఉన్నచోట పెట్టడం ఈ వేసవిలోనే వచ్చింది దానికి. మూడేళ్ళలో వచ్చింది అదొక్కటే."

ఆ సాయంత్రం నాగి తల్లి వచ్చినప్పుడు సుమేధ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పింది. దాచలేదు. ఆ తల్లి వింటూ కూతురి పాదాలు ఒత్తుతూనే ఉంది.

"రేవతమ్మ దగ్గరికి రాకముందు, దయ్యం పట్టిందని నేను దీన్ని గుంజకు కట్టేసేదాన్నమ్మా," అంది చివరికి. "నేను ఎవర్నని ఏమనను?"

నాగి కోలుకుని లేచి తిరగసాగింది. కానీ ఇక ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. రేవతమ్మ చెయ్యి కూడా. ఒకరోజు తలుపు సందులో వేలు నలిగింది. పిల్ల ఎవరివైపూ రాలేదు. గోడ దగ్గరికి పోయి తల కొట్టుకుంది.

ఆ చప్పుడు విన్నాక సుమేధ గురువు దగ్గరికి వెళ్ళి నేలమీద సాగిలపడింది.

"భంతే, నాకు శిక్ష వెయ్యండి."

"పంపినవాణ్ణి నేను," అన్నాడు గురువు. లేచి నిలబడ్డాడు. "పద."

ఇద్దరూ చిన్న గదికి వచ్చారు. నాగి గోడవైపు తిరిగి కూర్చుంది. బారెడు దూరంలో రేవతమ్మ కూర్చుని ఉంది. కుడిచేతిని అరచెయ్యి పైకి వచ్చేలా నేలమీద పెట్టి ఉంచింది. పిల్లవైపు చూడటం లేదు. పిలవటం లేదు. చెయ్యి మాత్రం అలా పెట్టి ఉంచింది.

గురువు గడప దాటి లోపలికి వెళ్ళాడు. రేవతమ్మ ముందు మోకాళ్ళూని, నుదురు నేలకు ఆనించి నమస్కరించాడు.

సుమేధ నిలబడిపోయింది. నూరేళ్ళ భిక్షుణి అయినా నిన్న చేరిన భిక్షువుకు తానే మొక్కాలి. భిక్షువు భిక్షుణికి మొక్కకూడదు. అది సంఘం కట్టుబాటు. దాన్ని ఆమెకు కంఠతా నేర్పింది ఆ గురువే.

రేవతమ్మ కంగారుపడింది. చెయ్యి మాత్రం కదపలేదు. "భంతే, ఇది తప్పు."

"తప్పే," అన్నాడు గురువు లేస్తూ. "రేపు సంఘం ముందు ఒప్పుకుంటాను."

అంతమాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. మర్నాడు సంఘం ముందు ఒప్పుకున్నాడు కూడా.

సుమేధ ఇసుక ఎత్తి బయట పారబోసింది. వచ్చి రేవతమ్మ పక్కన కూర్చుంది.

"ఇప్పుడు ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

"ఏమో తల్లీ. పోయినసారి దానికి భయం లేదు."

"మీకు..." అని ఆగిపోయింది సుమేధ.

ఆమె అడగబోయింది ఏమిటో రేవతమ్మకు అర్థమైంది. "నాకు అంత వ్యవధి లేదులే," అంది మామూలుగా. "చెయ్యి మరీ దగ్గరగా పెట్టకు. పిల్ల జరిగితే నువ్వు జరగకు. నీకు నొప్పి పుడితే సర్దుకుని కూర్చో గానీ, చెయ్యి చటుక్కున తియ్యకు. తీసే చెయ్యంటేనే దానికి భయం."

అలా మూడు నెలలు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మాఘంలో రేవతమ్మ మళ్ళీ మంచం పట్టి, ఇక లేవలేదు. ఆమె పోయిన మర్నాడు నాగి వచ్చి, ఆమె కూర్చునే చోటికేసి తిరిగి చీకటిపడేదాకా ఊగింది. ఆమె ఇక రాదని ఆ పిల్లకు ఎలా చెప్పాలో ఆరామంలో ఎవరికీ తెలియలేదు.

పద్దెనిమిది మంది పిల్లల్ని సుమేధ వేరే భిక్షుణికి అప్పగించింది. తనను మళ్ళీ రమ్మని వాళ్ళు రెండుసార్లు కబురు పెట్టారు. వెళ్ళలేదు. పొద్దున్నే చిన్న గదిలో కూర్చుని, చెయ్యి నేలమీద పెట్టేది. నాగి మూరెడు అవతలికి జరిగేది. ఎండలు వచ్చాయి, వానలు వచ్చాయి. ఆ ఏటి కొత్త వస్త్రం ఎవరికో ఇచ్చారని విని, ఎవరికని కూడా అడగలేదు సుమేధ.

వానలు వెలిసిన ఒక సాయంత్రం నాగి తల్లి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఏమమ్మా, ఇవాళ ఏమన్నా నేర్చుకుందా?"

సుమేధ నాగివైపు చూసింది. తర్వాత తల్లివైపు చూసింది.

"ఇవాళ దూరం జరగలేదమ్మా."

ఆ తల్లి లోపలికి వచ్చి, చప్పుడు కాకుండా సుమేధ పక్కన నేలమీద కూర్చుంది.