మబ్బుకు చలెయ్యదా?

ప్రశ్న అడిగినవాళ్ళ నోట్లో ఏదో ఒకటి పెట్టడం వకుళమ్మగారి అలవాటు. వేయించిన శనగలో, ఉసిరికాయో, ఏవీ లేకపోతే గుప్పెడు అటుకులో. నోరు నిండితే మనిషికి కళ్ళు బాగా పనిచేస్తాయని ఆవిడ నమ్మకం కాబోలు. నిజమేనా అని అడుగుదామంటే మన నోరూ నింపేస్తారన్న భయంతో ఎవరూ అడగలేదు.

కొండ కింద పెద్దబడి వెనక ఒక చిన్న గది ఆవిడది. బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలకు అక్కడ చదవడం నేర్పుతారు. ఆ విద్య నేర్చుకోవడానికి వచ్చిన శిష్యురాలు తనూజ. వచ్చింది మొదలు ఆమెకు పైడి అంటే ప్రాణం. తొమ్మిదేళ్ళ పైడి అట్టముక్కల మీద మాటలు ఒక్కొక్కటే రాసి చూపితే గుర్తుపట్టేది గాని, పుస్తకం తెరిస్తే బెదిరిపోయేది. అలాంటిది తనూజ ఎదురుగా కూర్చుంటే చాలు, గలగలా చదివేసేది. ఆ మురిపెంతో తనూజ కాళ్ళు నేల మీద ఆనడం మానేసి చాలా రోజులైంది.

ఇంతలో ఒకనాడు పెద్దబడి హెడ్మాస్టరు సోమినాయుడుగారు పైడి చదువు వినడానికి వచ్చారు. చదివితే పైడి రోజూ ఒక పూట రెండో తరగతిలో, తన పిన్ని కూతురు మంగ పక్కన కూర్చోవచ్చు. పైడికి లోకంలో అంతకు మించిన కోరిక లేదు. ఆ బెంచీ కోసం జడకు కొత్త రిబ్బను కూడా కట్టుకుని వచ్చింది. సోమినాయుడుగారికి రెండు పెదవులనూ కప్పేసే మీసాలు. పైడి ఆ మీసాల వంక చూసింది, చూసింది, చూస్తూనే ఉండిపోయింది. ఒక్క మాట పెగల్లేదు.

"రేపు ఇంకోసారి వింటాను. అప్పుడూ ఇంతేనైతే ఈ యేటికి వదిలేద్దాం" అని ఆయన లేచారు.

ఆ మధ్యాహ్నం తనూజ కళ్ళనీళ్ళతో గురువు దగ్గరికి వచ్చింది. "అమ్మా, నా దగ్గర అంత చక్కగా చదివే పిల్ల ఆయన దగ్గర మూగదైపోయిందేం? మీసాలు చూసి జడిసిందంటారా?"

"మీసాలే అడ్డమొచ్చాయి" అన్నారు వకుళమ్మగారు గంభీరంగా. అని, తనూజ నోట్లో పెద్ద బెల్లం జీడి పెట్టారు. సంతలో అమ్మే ఆ జీడి సంగతి తెలిసిందేగా, పళ్ళకు పట్టుకుందంటే దవడలు రెండూ ఒకటైపోతాయి. "పో, ఇప్పుడు చదివించు."

బయట వాన పట్టింది. కొండ మీది మబ్బు దిగి దిగి కిటికీ దాకా వచ్చింది. గదిలో వెలుతురు పాలల్లో నీళ్ళు కలిపినట్టు పలచబడింది. పైడి పుస్తకం తెరిచి, అలవాటుగా తలెత్తి, తనూజ నోటి వంక చూసింది. నోరు కదల్లేదు. పైడి కాసేపు ఆగింది. తర్వాత ముందుకు వంగి, తలుపు తట్టినట్టు ఆమె బుగ్గ మీద వేలితో తట్టింది.

"టీచరక్కా, ఇయ్యాల నోరాడించవేటి?"

తనూజకు అప్పుడు తెలిసింది. పిల్ల ఎక్కడ తడబడుతుందోనన్న ప్రేమతో, ఇన్నాళ్ళూ ప్రతి మాటనూ తను ముందుగా చప్పుడు లేకుండా పలుకుతూ వచ్చింది. పైడి కళ్ళు పుస్తకం మీద ఉన్నదెప్పుడు? ఆమె పెదవుల మీదే.

అది తెలిశాకైనా ఊరుకోగలిగిందా? పైడి మొదటి అక్షరం మీద వేలు పెట్టగానే ఆమె కనుబొమలు వాటంతటవే పైకి లేచాయి.

"కనుబొమలు కూడా పాఠం చెబుతున్నాయమ్మాయ్. కళ్ళు మూసుకో" అన్నారు వకుళమ్మగారు కిటికీ దగ్గర నుంచి.

తనూజ కళ్ళు మూసుకుంది. మూసుకోగానే గోడలు ఎటో వెళ్ళిపోయాయి. తడిసిన మట్టి వాసన. పెంకుల మీద వాన. గదికి గది పడవలా కదిలి, వాన వెంట మెల్లగా ఎక్కడికో పోతున్నట్టుంది. చెప్పవలసిన మాట ఆమె గొంతులో ఆపుకున్న తుమ్ములా గిలగిల్లాడుతోంది. బయటికి రానివ్వకుండా లోపల జీడి, కిటికీ దగ్గర గురువు. ఎంతసేపు గడిచిందో, నడుమ తను నిద్రపోయిందేమో కూడా ఆమెకు తెలియలేదు. ఎప్పుడో, చాలా దూరం నుంచి, కాగితం మీద చిన్న గోరు పాకుతున్న చప్పుడు.

"మ... మబ్బు."

వాన.

"కొండ. కొండ... మీద."

మళ్ళీ వాన. ఈసారి చాలాసేపు.

"ప... పడు... పడుకుంది."

కాగితం మీద గోరు ఆగింది.

"దానికి చలెయ్యదేటి?" అంది పైడి.

అన్ని రోజులు గలగలా చదివిన పిల్ల, చదివినదాని గురించి అడిగిన మొట్టమొదటి మాట అది. తనూజ కళ్ళు తెరిచింది. పైడి ఆమె వంక చూడటం లేదు. ముక్కు కాగితానికి ఆనేంతగా వంగి, బొమ్మలో మబ్బుకు దుప్పటి కోసం వెతుకుతోంది.

మర్నాడు సోమినాయుడుగారు కావాలనే వేరే పేజీ తీశారు. పైడి మీసాల జోలికి పోలేదు. వేలు ఆనించి కూర్చుంది. కూర్చునే ఉంది. ఆయన గొంతు సవరించుకున్నారు, గడియారం చూశారు. ఎక్కడ సాయం చేసేస్తానోనని తనూజ తల వంచుకుని తన కాలి బొటనవేలినే చూస్తోంది. చివరికి ఒక్కొక్క మాటా వచ్చింది. "ఎండ... వచ్చింది. మబ్బు... లేచింది." పైడి అప్పుడు తలెత్తి ఆయన్ను అడిగింది: "మరి మొకం కడుక్కుందా?"

మీసాల కింద ఎక్కడో నవ్వు కదిలింది. "ఏమోనమ్మా, మంగను అడుగుదాం పద" అని ఆయన చెయ్యి చాపారు. పైడి పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

ఖాళీ పీట వంక చూస్తూ తనూజ అడిగింది. "అమ్మా, రేపట్నుంచి దాని పక్కన ఇక నేను చేసే పనేముంది?"

"కూర్చోవడం" అన్నారు వకుళమ్మగారు. "నాకే ఇంకా సరిగ్గా రాలేదు."