చెంగడికి చెప్పిన మంద కబురు

కొండ వాలులో నరసింగప్ప దొడ్డి. చుట్టూ కంపకంచె, లోపల ఒక ముసలి ఎద్దు, ఒక కోడిపెట్ట, దాని పిల్లలు. ఎద్దు పేరు మైలయ్య, పెట్ట పేరు చుక్కమ్మ. ఎండాకాలం మొదట్లో ఆ దొడ్డికి చెంగడు వచ్చాడు. ఆ రోజు నుంచి చుక్కమ్మకి మనశ్శాంతి లేకుండా పోయింది.

చెంగడు గొర్రెల మందలు కాసే జాతి కుక్క. వాళ్ళమ్మ, అమ్మమ్మ అందరూ మంద వెనకే పుట్టి మంద వెనకే పోయారు. కాపరి మందనంతా సంతలో అమ్మేసి, ఊరు వదిలిపోతూ కుక్కని నరసింగప్పకి ఇచ్చాడు. నరసింగప్ప పూటకింత సంగటి పడేసేవాడు. కుక్కని సాకడమంటే అంతేననుకున్నాడు.

కడుపు నిండినా కాళ్ళు ఊరుకోవు కదా! తెల్లారిందంటే చెంగడు కంచె వెంబడి చుట్లు తిరగడం మొదలుపెట్టేవాడు. అది విసుగొస్తే కోడిపిల్లల్ని పోగేసి గడ్డివామి మూలకి తోలేవాడు. ఒకటి పక్కకి జరిగితే పొట్ట నేలకానించి పాక్కుంటూ ఎదురెళ్ళి, రెప్ప వాల్చకుండా చూసి మళ్ళీ గుంపులో కలిపేవాడు. కరిచింది లేదు, గీరింది లేదు. కానీ పిల్లలకి గింజ ఏరుకునే తీరిక లేక మెడలు సన్నబడ్డాయి.

"నీకేం పోయేకాలంరా! అవి కోళ్ళు, గొర్రెలు కావు" అని అరిచింది చుక్కమ్మ.

"తెలుసత్తా" అన్నాడు చెంగడు రొప్పుతూ. "తెలిసినా కాళ్ళు వినడం లేదు. నాకేదైనా పని చెప్పత్తా. ఏదైనా సరే."

"కదలకుండా కూర్చో. అదే నీ పని."

కూర్చున్నాడు పాపం. చుక్కమ్మ రెండు గింజలు మింగేలోపు మళ్ళీ లేచాడు.

గూటి దగ్గర మైలయ్య నెమరు ఆపాడు. "వాణ్ణి తిడితే ఏం లాభమమ్మా? మనకి మేత ఎట్లాగో వాడికి పరుగు అట్లా. పొద్దున్నే నన్ను వాగుకి తోలుకెళ్ళే పని వాడికిస్తాను. సాయంత్రం పిల్లల్ని గూట్లోకి తోలే పని నువ్వివ్వు. మధ్యలో వాడే ఒళ్ళు తెలీకుండా పడుకుంటాడు."

"నా పిల్లల్ని వాడి చేతిలో పెట్టాలా? బాగుంది మావా నీ సలహా!"

మైలయ్య మాత్రం తన మాట నిలబెట్టుకున్నాడు. మోకాళ్ళు పట్టేసినా రోజూ వాగుదాకా కుంటుకుంటూ నడిచాడు. "ఇటు తిరుగు తాతా, అటు కాదు!" అంటూ చెంగడు వెనక గంతులేసేవాడు. తిరిగొచ్చి కాసేపు పడుకునేవాడు కూడా. పొద్దు వాలేసరికి మళ్ళీ కాళ్ళు దురదపెట్టేవి. ఆ వేళకి వాడికి పనిచ్చేవాళ్ళు లేరు.

ఒకరోజు వాళ్ళిద్దరూ వాగుకెళ్ళినప్పుడు కంచె అవతల నక్క కనిపించింది. దొడ్డిలో నరసింగప్ప పేడ ఎత్తుతున్నాడు గనక లోపలికి రాలేదు.

"చిక్కిపోయావేం వదినా?" అంది మెల్లగా.

"నువ్వా! అడుగు ముందుకేశావంటే అరుస్తాను."

"ఈ ముళ్ళలోంచి ఎట్లా వస్తాను? నీ అవస్థ చూడలేక ఆగాను. నీ మంద కొండవతల మేస్తోందని వాడికొక్క మాట చెప్పు. వాడంతట వాడే పోతాడు."

"నిజంగా ఉందా?"

"ఉంటే వాడి అదృష్టం. లేకుంటే నీ అదృష్టం."

నక్క ఎలాంటిదో చుక్కమ్మకి తెలుసు. దాన్ని నమ్మలేదు. కంచెని నమ్మింది. ఇంత దట్టమైన కంపలో ఎవరు దూరగలరనుకుంది.

చెంగడు రాగానే చెప్పేసింది. వాడి చెవులు నిక్కబొడుచుకున్నాయి, ఒళ్ళంతా వణికింది. "మా గొర్రెలేనా? నన్ను అడిగాయా అత్తా?"

చుక్కమ్మ కిందికి చూసింది. కాళ్ళ దగ్గర ఒక పిల్ల నీరసంగా తూలింది. దాన్ని చూసి, "అడిగాయట" అనేసింది.

"పిల్లలు జాగ్రత్త అత్తా!" అంటూ వాడు గేటు మీదుగా దూకి కొండెక్కిపోయాడు.

సంగతి మైలయ్య విన్నాడు. "ఆ మంద సంతలో చెదిరిపోయిందని తెలిసీ పంపావా?" అన్నాడు.

"నీకు పిల్లలుంటే తెలిసేది" అని చుక్కమ్మ మొహం తిప్పుకుంది.

పిల్లలు హాయిగా గింజలేరుకున్నాయి. తర్వాత సంత రోజు వచ్చింది. మైలయ్యని గుంజకి కట్టేసి నరసింగప్ప సంతకెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం నక్క దొడ్డి మధ్యలో నిలబడి ఉంది.

"ఎట్లా వచ్చావు?" అంది చుక్కమ్మ.

"కంచె కింద వాన నీళ్ళు కోసిన దారి ఎప్పట్నుంచో ఉంది వదినా. వాడు దాని మీదుగా చుట్లు తిరుగుతుంటే తల పెట్టలేకపోయాను."

మైలయ్య పలుపు తెంచుకోవాలని మెడ కోసుకుపోయేదాకా లాగాడు. చుక్కమ్మ ముక్కుతో, గోళ్ళతో తిరగబడింది. తోక ఈకలు పోయాయి. పిల్లలూ పోయాయి. నక్క తీరిగ్గా వచ్చి, తీరిగ్గా ఒక్కొక్కటీ మోసుకుపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి చెంగడు వచ్చాడు. పాదాలు పగిలి నెత్తురు కారుతోంది. డొక్కలు వెన్నుకి అంటుకున్నాయి.

"మంద దొరకలేదత్తా. ఏటి అవతల దాకా వెతికాను. ఆలస్యమైపోయింది, కోప్పడకు" అన్నాడు. తర్వాత చుట్టూ చూశాడు. "పిల్లలేరీ?"

చుక్కమ్మ తల వంచుకుంది. వాడు కుంటుతూ గూడు, గడ్డివామి, నీళ్ళ గాబు అన్నీ వాసన చూశాడు. కంచె కింద దారి దగ్గర ఆగాడు. అక్కడ పసుపు నూగు అంటుకొని ఉంది.

"నేనుండి ఉంటే..." అన్నాడు. "నా తప్పేనత్తా."

అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలని చుక్కమ్మ నోరు తెరిచింది. వాడి కళ్ళు చూశాక మాట బయటికి రాలేదు.

చెంగడు అక్కడే పడుకున్నాడు. గాయాలు మానినా లేవలేదు. మైలయ్య వాగుకి పోదాం రమ్మని కొమ్ముతో తట్టాడు. చుక్కమ్మ ముందుకొచ్చి కావాలనే అటూ ఇటూ పరిగెత్తింది. "నన్ను తోలరా, మూలకి తోలు, ఏమీ అనను" అని బతిమాలింది. వాడొకసారి కళ్ళెత్తి చూసి మళ్ళీ మూసుకున్నాడు. ఇప్పుడు దొడ్డిలో అరిచేవాళ్ళు లేరు, పరిగెత్తేవాళ్ళు లేరు. ఆ నిశ్శబ్దంలో చుక్కమ్మకి గింజ దిగడం లేదు.

పని కోసం అల్లాడే ప్రాణికి పని చూపించాలి గానీ, వదిలించుకోవడానికి అబద్ధపు ఆశ చూపించకూడదు.