అడగకుండా నొక్కిన జవాబు

పలమనేరులో తుపాకుల అంగడి నడిపే కోదండం మంచివాడే గానీ, ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోపే వాళ్ళ జవాబు తానే చెప్పేసే తొందరమనిషి. హోటల్లో పక్కవాడికి ఏం కావాలో కూడా తనే చెప్పేసేవాడు. "నాకు ఆకలిగా ఉండాదో లేదో నన్నన్నా చెప్పనీయండి" అని భార్య శకుంతల విసుక్కునేది.

కాగితాల రోజుల్లో ఆ తొందరకు ఒక అడ్డు ఉండేది. తుపాకీ కొనేవాళ్ళు ఫారాన్ని సొంత చేతిరాతతో నింపాలి. చదువు రానివాళ్ళకు కోదండం ఒక్కొక్క ప్రశ్నా చదివి వినిపించి, వాళ్ళు చెప్పిందే రాసి, వేలిముద్ర వేయించుకునేవాడు. "ఇంట్లో తుపాకీ పెట్టి తాళం వేసే ఇనపపెట్టె ఉందా?" అనేది అందులో ఒక ప్రశ్న. లేదన్నవాళ్ళ తుపాకీని, పెట్టె చేయించుకునేదాకా అంగడిలోనే ఉంచేవాడు. ఆ ఫారాలతో అతనికి ప్రాణం విసిగిపోయేది.

ఇంతలో ఫారాలన్నీ కంప్యూటర్లోకి వచ్చాయి. కోదండం సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ప్రశ్నలు తెర మీద, మౌసు తన చేతిలో. ఇక అడగడం దేనికి? టకటకా అన్నిటికీ టిక్కులు పెట్టేసేవాడు. ఒకప్పుడు అరపూట పట్టిన పని టీ చల్లారేలోపు అయిపోయేది.

ఒకరోజు మునెప్ప అనే రైతు వచ్చాడు. అడవిపందులు వేరుశనగ చేనంతా కుళ్ళగించేస్తున్నాయని అర్జీ పెట్టుకుని, తుపాకీకి లైసెన్సు తెచ్చుకున్నాడు. అతనికి చదువు రాదు. కోదండం అతని మొహమైనా చూడకుండా టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. ఇనపపెట్టె దగ్గర "లేదు" అని నొక్కితే ఫారం ముందుకు కదలదని అతనికి తెలుసు. అందుకే "ఉంది" అని నొక్కేశాడు.

"అన్నా, దీన్ని ఇంట్లో యాడ..." అంటూ మునెప్ప ఏదో అడగబోయాడు.

"యాడో ఒకచోట భద్రంగా పెట్టుకోప్పా! ఈడ వేలు పెట్టు. ఇంక పో, పందులు నీకోసం కాచుకోనుండాయి!" అని నవ్వాడు కోదండం.

మునెప్ప కూడా నవ్వి, వేలిముద్ర మిషను మీద వేలు పెట్టి, తుపాకీ తీసుకుని వెళ్ళిపోయాడు.

వేరుశనగ పీకక ముందే ఘోరం జరిగింది. మునెప్ప తుపాకీలో తూటా పెట్టి, మంచం కింద గోనెసంచుల మధ్య దాచాడు. అతని కూతురు కల్పన దాగుడుమూతలు ఆడుతూ ఆ మంచం కిందికే దూరింది. తుపాకీ పేలింది. పిల్ల ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి దక్కలేదు.

కబురు తెలిసి కోదండం ఆస్పత్రికి పరుగెత్తాడు. వార్డు బయట ఎస్సై మునెప్పను నిలదీస్తున్నాడు.

"ఇనపపెట్టె ఉందని ఫారంలో చెప్పావు. ఏదీ? అబద్ధం చెప్పి కన్నబిడ్డ చెయ్యి పోగొట్టావు!"

"నేను చెప్పలేదు సార్. నన్నెవరూ అడగనే లేదు" అన్నాడు మునెప్ప. కోదండాన్ని చూడగానే అతనికి ఏడుపు ఆగలేదు. "నువ్వన్నా చెప్పన్నా! అడిగుంటే లేదనే చెప్పుంటా గదా! పెట్టె చేపించుకున్నాకే తుపాకీ తీసుకోనుంటా."

కోదండానికి తల కొట్టేసినట్టయింది. తను నోరు మూసుకుంటే తప్పంతా మునెప్ప మీదికే పోతుంది, అంగడి నిలబడుతుంది. కానీ తలుపు సందులోంచి కట్టు కట్టిన ఆ చిన్న భుజం కనిపించింది.

"అబద్ధం అతనిది కాదు సార్, నాది" అన్నాడు.

అంగడి మూతపడింది. దానికి అతను బాధపడలేదు. ఇప్పుడు అప్పుడప్పుడూ మునెప్ప ఊరికి వెళ్ళి, కల్పన పక్కన కూర్చుని వస్తుంటాడు. ఎడమచేత్తో వంకరటింకరగా అక్షరాలు దిద్దుతూ, "బాగా వచ్చిందా తాతా?" అని ఆ పిల్ల అడుగుతుంది. బాగుందని చెప్పి మొహం పక్కకు తిప్పుకుంటాడు. "ఆ ఒక్క మాట అడగడానికి ఎంతసేపు పట్టేది!" అని దారి పొడుగునా కుమిలిపోతాడు.

నీతి: పని ఎంత సులువైనా, ఎదుటివాళ్ళను అడిగి తెలుసుకోవలసిన జవాబును మనమే చెప్పేయకూడదు; మన తొందరకు శిక్ష అనుభవించేది ఏ పాపమూ ఎరుగనివాళ్ళు.